సాల్వెంట్ సీసా వంటింట్లోకి ఎలా వచ్చింది?

బళ్లారిలో యువజనుల కూడికలో మా బృందం చెప్పిన మాటలకు ఇది రాతరూపం.

ఆరాధన ముగిసి ఇంటికెళ్లి అన్నం తినే వేళకు మిమ్మల్ని ఇంకో గంట కూర్చోబెడుతున్నాం, మన్నించండి. ఈ రోజు పాట లేదు, నాటిక లేదు. ఒక సీసా గురించి మాట్లాడాలని వచ్చాం.

ఇదిగో, ఇదే. మీకందరికీ తెలిసిన కూల్‌డ్రింకు సీసా. ఇప్పుడిందులో ఉన్నవి నీళ్లే, భయపడకండి. పోయిన నెల మేము ఇళ్లకు తిరిగినప్పుడు సరిగ్గా ఇలాంటి సీసానే ఒక వంటింటి గూట్లో, నూనె డబ్బా పక్కన చూశాం. లోపల ఉన్నదీ నీళ్లలాగే ఉంది. "ఇదేందక్కా?" అని అడిగితే, "సాల్వెంటన్నా. మా ఆయన ప్లాంటు నుంచి తెస్తాడు. గ్రీజు మరకలకు మంచిది. ఫ్యాను రెక్కలు తుడిస్తే తళతళలాడతాయి" అంది. ఆ గూటికీ పొయ్యికీ మధ్య రెండు మూరల దూరం. ఆమె మూడేళ్ల మనవడు ఆ గూటి కిందే ఆడుకుంటున్నాడు.

ఆ ఇంటివాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. ఆయన తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మీద ఆ ప్లాంటులో పనిచేస్తున్నాడు. ఆ తొమ్మిదేళ్లలో ఆ ద్రవం పేరేమిటో, దాని గుణమేమిటో ఆయనకు అర్థమయ్యే భాషలో కూర్చోబెట్టి చెప్పినవారు ఒక్కరూ లేరు. మా బాధంతా అక్కడుంది.

మాలో ఒకరు పదకొండేళ్లు సాల్వెంట్ ప్లాంటులో షిఫ్టు ఆపరేటరుగా చేశారు. ఒకరు నర్సు. ఇద్దరు కార్మికుల కేసుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లు. మాలో శాస్త్రవేత్తలెవరూ లేరు. పనిలో నేర్చుకున్నదీ, చదివి సరిచూసుకున్నదీ మీ ముందు పెడుతున్నాం.

ఆ ద్రవం అసలు పేరు హెక్సేన్. పెట్రోలులాగే ఇదీ ముడిచమురు నుంచి వచ్చేదే, పెట్రోలుకు తమ్ముడనుకోండి. మన ప్రాంతానికి దీంతో పనేమిటంటే, తౌడు. తుంగభద్ర కాలువల కింద సిరుగుప్ప, గంగావతి వైపు వరి విరగపండుతుంది. మిల్లులో బియ్యాన్ని పాలిష్ పట్టినప్పుడు రాలే తౌడులో నూటికి 15 నుంచి 20 వంతుల దాకా నూనె ఉంటుంది. గానుగకు వేస్తే అది సరిగా దిగదు. పైగా తౌడు ఆగే సరుకు కాదు. మిల్లులో రాలిన గంటల్లోనే దానిలోని ఒక ఎంజైము నూనెను చెడగొట్టడం మొదలుపెడుతుంది. అందుకే వెంటనే ప్లాంటుకు తోలి, గుళికలు చేసి, వాటి మీద హెక్సేన్ పోసి కడుగుతారు. హెక్సేన్ నూనెను కరిగించి తనతో తీసుకుపోతుంది. ఆ మిశ్రమాన్ని వేడి చేస్తే హెక్సేన్ ఆవిరైపోయి నూనె మిగులుతుంది. ఆవిరిని చల్లార్చి మళ్లీ ద్రవం చేసి మళ్లీ వాడతారు. నూనె తీసిన తౌడుకు ఆవిరి పట్టించి, అందులో చిక్కుకున్న హెక్సేన్‌ను కూడా వెళ్లగొట్టి, పశువుల దాణాకు పంపుతారు. పత్తి గింజల చెక్క, పొద్దుతిరుగుడు చెక్క, వేరుశనగ చెక్క, అన్నిటిదీ ఇదే పద్ధతి.

ఆ నూనె తింటే ప్రమాదమా అని ఒక తమ్ముడు వచ్చేముందే అడిగాడు. శుద్ధి చేసిన నూనెలో హెక్సేన్ పది లక్షల భాగాలకు 5 భాగాలు మించకూడదని మన ఆహార భద్రతా నిబంధన ఉంది. తినేవారి కోసం అంత గట్టి లెక్క రాసిపెట్టారు, సంతోషం. ఆ నూనె తీసే మనిషి రోజంతా ఏ గాలి పీలుస్తున్నాడో కొలిచే మీటరు మాత్రం, మా షిఫ్టు ఆపరేటరు అన్న పదకొండేళ్లలో పనిచేస్తుండగా చూసింది ఒక్కసారేనట. అదీ పైనుంచి తనిఖీకి వచ్చిన రోజు.

ఇక దాని గుణం. మూడు సంగతులు గుర్తుంటే మిగతావి వాటంతట అవే అర్థమవుతాయి.

మొదటిది, దీనికి వేడి చేయాల్సిన పని లేదు. కిరోసిన్‌ను పళ్లెంలో పోసి అగ్గిపుల్ల పైన ఆడిస్తే వెంటనే అంటుకోదు. హెక్సేన్ అలా కాదు. సున్నాకు 20 డిగ్రీలకు పైగా దిగువన, అంటే మంచు గడ్డకట్టేదానికన్నా చల్లగా ఉన్నప్పుడు కూడా, అంటుకునేంత ఆవిరి దాని మీద లేస్తూనే ఉంటుంది. మన బళ్లారి ఎండ సంగతి మీకు చెప్పాలా? ఏప్రిల్, మే నెలల్లో 40 దాటుతుంది. 20 డిగ్రీల దగ్గర లేచే ఆవిరికి 40 డిగ్రీల దగ్గర రెండింతలకు పైగా లేస్తుంది. ఎండలో పెట్టిన డ్రమ్ము మూత ఉబ్బడం మీలో కొందరు చూసే ఉంటారు.

రెండోది, ఆ ఆవిరి గాలికన్నా మూడు రెట్లు బరువు. వంటగ్యాసు సిలిండరు లీకైతే గ్యాసు నేలబారున పాకుతుందని మన ఇళ్లలో అక్కలకు తెలుసు. ఇదీ అంతే. పైకి పోయి చెదిరిపోదు. గచ్చు మీద పాకుతుంది, గుంటలో కూర్చుంటుంది, కాలువలోకి దిగుతుంది, తలుపు సందులోంచి పక్క గదిలోకి పోతుంది. పది అడుగుల అవతల వెలిగే పొయ్యి దాకా పోయి, అక్కడ అంటుకుని, వచ్చిన దారినే మంట వెనక్కి వస్తుంది. అందుకే "నేను దూరంగానే బీడీ కాల్చినాను కదా" అన్న మాట ఇక్కడ పనికిరాదు.

మూడోది, చాలా కొంచెం చాలు. గాలిలో నూటికి ఒకటింబావు వంతు కూడా అక్కర్లేదు, 1.1 వంతు ఆవిరి ఉంటే నిప్పు తగిలినప్పుడు పేలుతుంది. 7.5 వంతులు దాటితే గాలి చాలక పేలదు. ఆ రెండింటి మధ్యే ప్రమాదం. మేము లెక్క వేసి చూశాం. ఒక లీటరు హెక్సేన్ పూర్తిగా ఆవిరైతే దాదాపు 190 లీటర్ల ఆవిరి అవుతుంది. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున్న గదిని పేలే గదిగా మార్చడానికి రెండు లీటర్లు నిండుగా కూడా అక్కర్లేదు. నేల మీద పరుచుకుంటుంది కాబట్టి నిజానికి అంతకన్నా తక్కువే చాలు. ఆ అక్క గూట్లో ఉన్నది లీటరున్నర సీసా.

కాలువలోకి దిగుతుందని అన్నాం కదా, దానికో సంఘటన చెబుతాం. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్ నగరం. 1981 ఫిబ్రవరి 13, తెల్లవారుజాము. అక్కడ సోయా నూనె తీసే ప్లాంటు ఒకటి ఉంది, మన తౌడు ప్లాంటు లాంటిదే. అందులోంచి వేల గ్యాలన్ల హెక్సేన్ మురుగు కాలువలోకి పోయింది. ఆవిరి భూమి కింద గొట్టాల వెంబడి ఊరంతా పాకింది. ఒక కారు రోడ్డు మీద పోతుంటే దాని నుంచి నిప్పురవ్వ తగిలింది. రెండు మైళ్లకు పైగా వీధులు కింద నుంచి పేలి లేచిపోయాయి. మురుగుమూతలు గాల్లోకి ఎగిరాయి. రోడ్డు ఉండాల్సిన చోట కందకం మిగిలింది. వీధుల్లో జనం లేని వేళ కాబట్టి నలుగురికి దెబ్బలు తగిలాయి గానీ ప్రాణాలు పోలేదు. ఆ పేలుడు మన వీధుల్లో సాయంత్రం ఆరింటికి జరిగితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. అందుకే మిగిలిపోయిన సాల్వెంట్‌ను బాత్రూము తూములో పోయవద్దు. అది నీళ్లలో కలవదు, నీళ్ల మీద తేలుతూ పోతుంది. మీరు పోసిన చోట ఏమీ కాకపోవచ్చు, నాలుగిళ్ల అవతల కావచ్చు.

మరి నిప్పు ఎక్కడినుంచి వస్తుంది? బీడీ, అగ్గిపెట్టె, పొయ్యి, వెల్డింగు అందరికీ తెలిసినవే. కంటికి కనపడని నిప్పు ఒకటుంది. చలికాలంలో నైలాను చొక్కా తీస్తుంటే చిటపటమంటుంది కదా, అదే. హెక్సేన్ గొట్టంలో వేగంగా పారినా, పైనుంచి ధారగా డ్రమ్ములో పడినా ఆ స్థిర విద్యుత్తు పుడుతుంది. నీళ్లలో అయితే అది వెంటనే పోతుంది. హెక్సేన్ కరెంటును పోనివ్వదు కాబట్టి అందులోనే పేరుకుని చివరికి ఒక్క రవ్వగా దూకుతుంది. ప్లాస్టిక్ క్యానులో పోస్తే అది భూమిలోకి పోయే దారే లేదు. అందుకే ప్లాంటులో ఇనుప డ్రమ్ముకు రాగి తీగ క్లిప్పు పెట్టి భూమికి కలుపుతారు, పోసే పాత్రకూ పట్టే పాత్రకూ తీగ కలుపుతారు, గొట్టం కొస డ్రమ్ము అడుగుకు తగిలేలా దింపి నెమ్మదిగా నింపుతారు. ఇత్తడి పనిముట్లు ఎందుకంటే ఇనుము మీద ఇనుము పడితే రవ్వ లేస్తుంది కాబట్టి. ఆ క్లిప్పు పెట్టడానికి అర నిమిషం పడుతుంది. "టైం లేదు, కానీయ్" అనే సూపర్‌వైజరు ఆదా చేసేది ఆ అర నిమిషమే.

చట్టం కూడా ఈ మాటే చెబుతోంది. 23 డిగ్రీలకన్నా తక్కువ వేడిలోనే అంటుకునే పెట్రోలియం సరుకులను 1934 నాటి పెట్రోలియం చట్టం మొదటి తరగతిలో, ఎ క్లాసులో పెట్టింది. అమ్మకానికి కాకుండా సొంత వాడకానికి లైసెన్సు లేకుండా ఉంచుకోగలిగింది 30 లీటర్ల లోపే. అదీ గట్టి బిరడా ఉన్న గాజు, పింగాణీ పాత్ర అయితే ఒక లీటరు లోపు, లోహపు పాత్ర అయితే 25 లీటర్ల లోపు ఉండాలి. ప్లాస్టిక్ సీసా ఆ జాబితాలోనే లేదు.

ఇప్పుడు డ్రమ్ముల సంగతి. ఇది మా అందరికీ మనసుకు దగ్గరైన విషయం, కాస్త ఎక్కువ చెబితే ఓపిక పట్టండి. మన ఊళ్లలో నీళ్లు ఎన్నాళ్లకొకసారి వస్తాయో మీకు తెలుసు. డ్రమ్ము లేని ఇల్లు లేదు. రెండేళ్ల కింద మా పేటలో క్రిస్మస్ భోజనాలకు నీళ్ల డ్రమ్ములు కావాలని కుర్రాళ్లు పాత ఇనుప సామాన్ల దుకాణం నుంచి రెండు డ్రమ్ములు తెచ్చారు. మూత వైపు గ్యాసు కట్టరుతో కోయించాలని వెల్డింగు షాపు దగ్గర దించారు. అదే సమయానికి మా షిఫ్టు ఆపరేటరు అన్న అటుగా సైకిల్ మీద పోతూ వాసన పట్టాడు. "ఆపండ్రా!" అని అరిచాడు. "ఖాళీ డ్రమ్మే కదన్నా, ఏమయితాది?" అన్నాడు ఒకడు.

ఏమవుతుందో వినండి. నిండు డ్రమ్ములో ద్రవం పైన ఉన్న కాస్త ఖాళీలో ఆవిరి ఎంత చిక్కగా ఉంటుందంటే అక్కడ గాలే చాలదు. ఖాళీ అనుకున్న డ్రమ్ములో అడుగున చుట్టంచుకు అంటుకుని కొన్ని చుక్కలు ఉంటాయి. 200 లీటర్ల డ్రమ్మును బాంబు చేయడానికి 12 మిల్లీలీటర్లు చాలు, అంటే రెండు చెంచాల పైన కొంచెం. కాబట్టి నిండు డ్రమ్ముకన్నా ఖాళీ డ్రమ్ముకు ఎక్కువ భయపడాలి. కట్టరు మంట తగిలిన క్షణంలో మూత ఎగిరేది ఎదురుగా వంగి కోస్తున్న మనిషి ముఖానికే. ఆ పూట ఆ వెల్డింగు కుర్రాడికి పంతొమ్మిదేళ్లు. ఇప్పుడు ఇరవై ఒకటి, ఈ మధ్యనే పెళ్లయింది.

సాల్వెంట్, పెట్రోలు, థిన్నరు, పెయింటు, ఏది పోసిన డ్రమ్మయినా కోయకండి, వెల్డు చేయకండి. నీళ్లతో కడిగితే సరిపోతుందని అనుకోకండి. నీళ్లలో కలవని దాన్ని నీళ్లు కడగలేవు. నీళ్ల నిల్వకు ఆ డ్రమ్ము అసలు వద్దు.

ఇళ్ల కింద డ్రమ్ములు పెట్టే అలవాటు ఎక్కడికి తీసుకుపోతుందో హైదరాబాదు నాంపల్లి బజార్‌ఘాట్‌లో 2023 నవంబరు 13న చూశాం. జనం కాపురముండే భవనం. కింది అంతస్తులో రసాయనాల డ్రమ్ములు. మంట కింద పుట్టింది, పొగ పైకి పోయింది. కనీసం తొమ్మిది మంది చనిపోయారు. వాళ్లలో ఎవరూ ఆ డ్రమ్ములు ముట్టినవారు కారు.

ప్లాంటులో ప్రమాదం ఎప్పుడు వస్తుంది? మామూలుగా నడిచే రోజున తక్కువ. ఆపేటప్పుడు, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు, మరమ్మత్తు చేసేటప్పుడు, కరెంటు పోయినప్పుడు ఎక్కువ. కరెంటు పోతే చల్లార్చే నీళ్ల పంపు ఆగుతుంది. ఆవిరి ద్రవం కాకుండా బయటికి తోసుకొస్తుంది. కుడితిని థర్మల్ కేంద్రం మన జిల్లాలోనే ఉన్నా కరెంటు పోవడం మాత్రం మానలేదు, కాబట్టి జనరేటరు వెంటనే అందుకోవాలి. తౌడుకు ఆవిరి సరిగా పట్టకపోతే గోనెల్లో నింపిన దాణాలోంచి గోదాములో హెక్సేన్ వస్తూనే ఉంటుంది. ఆ గోనెలు మోసే హమాలీ అన్నలకు ఆ సంగతి చెప్పేవారు లేరు. వాళ్లు ప్లాంటు మనుషుల లెక్కలోకి రారట. నిప్పుకు ఆ లెక్క తెలియదు కదా.

2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం సెజ్‌లో మందుల కంపెనీలో మధ్యాహ్న భోజనవేళ జరిగిన పేలుడు మీకు గుర్తుండే ఉంటుంది. 17 మంది పోయారు. అక్కడ కారింది హెక్సేన్ కాదు, ఎం.టి.బి.ఇ. అనే ఇంకో సాల్వెంట్. గుణం మాత్రం ఇదే. సున్నాకు ఎంతో దిగువనే అంటుకుంటుంది, ఆవిరి గాలికి మూడు రెట్లు బరువు.

మరో మాట. నిప్పు లేకపోయినా ఇలాంటి చోట్ల ప్రాణం పోతుంది. 2023 ఫిబ్రవరి 9న కాకినాడ జిల్లా పెద్దాపురం మండలం జి.రాగంపేటలో వంటనూనె ట్యాంకు శుభ్రం చేయడానికి దిగి ఏడుగురు చనిపోయారు. ఐదుగురు పాడేరు వైపు నుంచి పనికోసం వచ్చినవారు, ఇద్దరు పక్కనే పులిమేరు వారు. ఒకరు దిగి లేవకపోతే ఇంకొకరు, వారికోసం మరొకరు. ట్యాంకు లోపల పీల్చే గాలి లేదు. మనవాడు పడిపోతే చూస్తూ ఊరుకోలేం, అది మనిషి గుణం. కానీ ఆ దిగడం వల్ల ఒక చావు ఏడు చావులు అవుతుంది. లోపలి గాలిని మీటరుతో కొలవకుండా, నడుముకు తాడు లేకుండా, బయట తాడు పట్టుకున్న మనిషి లేకుండా, రాసిచ్చిన పర్మిట్ లేకుండా ట్యాంకులోకి కాలు పెట్టవద్దు. లోపల మనిషి పడితే గాలి సిలిండరు తగిలించుకున్నవారే దిగాలి. హెక్సేన్ ట్యాంకులో ఈ రెండు చావులూ కలిసి ఉంటాయి. ఊపిరి ఆడకపోవడం ఒకటి, మామూలు టార్చిలైటు రవ్వ ఇంకొకటి.

ప్రమాదం జరిగాక తరచూ వినే మాట ఒకటుంది. "కార్మికుడి నిర్లక్ష్యం." ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో కొత్త ఇల్లు కట్టేవాడికి ఒక నియమం ఉంది, మీలో చాలామందికి తెలుసు. మిద్దెకు పిట్టగోడ కట్టాలి, లేకుంటే అక్కడినుంచి పడినవాడి రక్తాపరాధం ఆ ఇంటి మీదే. పడినవాడు చూసుకుని నడవాల్సింది అన్న వాదన ఆ నియమంలో ఎక్కడా లేదు. మేము ఇంతకుమించి ప్రసంగం చేయం, పాస్టరుగారు ఇక్కడే ఉన్నారు.

నెమ్మదిగా చంపేది ఇంకొకటి ఉంది. వాసన కొద్దిగా పీలిస్తే తల తిరుగుతుంది, మత్తుగా ఉంటుంది, బయటికొస్తే తగ్గుతుంది. ముక్కు కాసేపటికి అలవాటుపడి వాసన తెలియడం మానేస్తుంది, అప్పుడు గాలి బాగుందనుకుంటాం. నెలల తరబడి పీలిస్తే నరాలు దెబ్బతింటాయి. ముందు కాలి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. చెప్పు జారిపోయినా తెలియదు. తర్వాత మెట్లు ఎక్కడం కష్టమవుతుంది, చేతి పట్టు తగ్గుతుంది. పని మానేశాక కూడా కొన్ని నెలలు ఇంకా ముదిరి, ఆ తర్వాతే మెల్లగా తగ్గడం మొదలవుతుంది. ఈ సంగతి మొదట బాగా బయటపడింది 1960ల్లో జపానులో, ఇళ్లలో కూర్చుని జిగురుతో చెప్పులు అతికించే పనివాళ్లలో. ఆ జిగురులో హెక్సేన్ ఉండేది. ఆ తర్వాత చైనాలో, సూజౌ నగరంలోని వింటెక్ కంపెనీలో. ఆపిల్ ఫోన్ల టచ్ స్క్రీన్లు తుడవడానికి అక్కడ ఆల్కహాలు వాడేవారు. త్వరగా ఆరుతుందని దాని బదులు హెక్సేన్ పెట్టారు. 137 మంది కార్మికుల ఆరోగ్యం దెబ్బతిందని ఆపిల్ కంపెనీయే 2011లో ఒప్పుకుంది. మీ జేబుల్లో ఫోన్లున్నాయి కదా, ఒక్కసారి అద్దం చూడండి.

మన దగ్గర ఇలాంటి తిమ్మిరితో ఆసుపత్రికి పోతే షుగరు పరీక్ష చేసి పంపేస్తారు, లేదా వాతమని నూనె రాసుకోమంటారు. అది డాక్టరు తప్పనడం లేదు. ఆయన అడగలేదు, మనం చెప్పలేదు. "సార్, నేను సాల్వెంట్ ప్లాంటులో పనిచేస్తాను, పేరు హెక్సేన్" అని మొదటి మాటగా చెప్పండి. అవసరమైతే చీటీ మీద రాసుకుపోండి.

జీన్స్ యూనిట్లలో కుట్టే చెల్లెళ్లు, అక్కలు కూడా ఇక్కడున్నారు. బట్ట మీద మిషను నూనె పడితే పెట్రోలో థిన్నరో గుడ్డకు తడిపి తుడుస్తారని విన్నాం. దాని స్వభావం ఇంతసేపు చెప్పినదే. కిటికీ తెరిచి, ఇస్త్రీపెట్టెకు దూరంగా, చిన్న మూతంత మాత్రమే తీసుకుని చేయండి. తడి గుడ్డలను బట్టల కుప్పలో కాకుండా మూతున్న ఇనుప డబ్బాలో వేయండి. చేతులు దాంతో కడుక్కోకండి. చర్మంలోని జిడ్డంతా లాగేస్తుంది, పగుళ్లు పడతాయి. సబ్బు చాలు.

ఇప్పుడు హక్కు సంగతి. మనది సరిహద్దు జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయాయి, బళ్లారి మైసూరులో కలిసింది. గీత కాగితం మీద పడింది గానీ పనికి వచ్చే మనుషులు ఇప్పటికీ అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. ఒకే షిఫ్టులో కన్నడం చదివేవారు, తెలుగు చదివేవారు, ఏదీ చదవలేనివారు ఉంటారు. గోడ మీది బోర్డు మాత్రం ఇంగ్లీషులో. ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలో నోటీసులు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. భోపాల్ తర్వాత, 1987లో ఆ చట్టానికి కొత్త అధ్యాయం చేర్చారు. వాడే రసాయనం ఏమిటో, దాని ప్రమాదమేమిటో యజమాని కార్మికులకు చెప్పి తీరాలి, ప్రాణానికి ముప్పు ఉందని అనిపిస్తే కార్మికుడు హెచ్చరించవచ్చు అని. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ అమలులోకి వచ్చింది. పేరు మారింది, తెలుసుకునే హక్కు, హెచ్చరించే హక్కు అందులోనూ ఉన్నాయి.

హక్కు ఉందని తెలిసినంత మాత్రాన రేపే గేటు దగ్గర నిలబడి అడగగలరని మేము అనుకోవడం లేదు. కాంట్రాక్టు మనిషిని ఎల్లుండి నుంచి రావద్దంటే అంతే. అందుకే ఒక్కరుగా అడగకండి, పదిమంది పేర్లతో ఒక కాగితం ఇవ్వండి. రాయడానికి మేము వస్తాం. అడగాల్సినవి పెద్ద కోరికలు కావు. బోర్డు తెలుగులో, కన్నడంలో. గాలి కొలిచే మీటరు. రాగి తీగ క్లిప్పులు. ట్యాంకులోకి పంపేముందు పర్మిట్. హమాలీలకు కూడా పాఠం. మా ఆపరేటరు అన్న పనిచేసిన చోట ఇలాంటి కాగితం మీద మొదట సంతకం పెట్టడానికి నలుగురే ముందుకొచ్చారు. ఆరు నెలల తర్వాత బోర్డు మారింది. మీటరు ఇంకా రాలేదు.

అంటుకుంటే ఏం చేయాలో చెబుతాం. నీళ్లు ధారగా కొట్టకండి, మండే సాల్వెంట్ నీళ్ల మీద తేలి ఇంకా దూరం పరుచుకుంటుంది. నురుగు లేదా పొడి చల్లే సిలిండరు వాడాలి, కొంచెమైతే ఇసుక. మీ వల్ల కాదనిపిస్తే బయటికి వచ్చి 112కు ఫోను చేయండి. ఇంట్లో ఒలికితే లైటు స్విచ్చి వేయవద్దు, ఆర్పవద్దు. తలుపులు, కిటికీలు తెరిచి అందరూ బయటికి పోండి. బట్టలు తడిస్తే ముందు నీళ్లతో బాగా తడిపి అప్పుడు విప్పండి. కాలిన చోట మామూలు నీళ్లు ఇరవై నిమిషాలు పారించండి. టూత్‌పేస్టు, సిరా, పసుపు వద్దు.

మా నర్సు అక్క ఈ ఒక్క సంగతి తప్పకుండా చెప్పమంది. పిల్లవాడు సాల్వెంటో కిరోసినో తాగితే ఉప్పునీళ్లు పోసి వాంతి చేయించకండి. కడుపులో ఉన్నదానికన్నా వాంతిలో ఊపిరితిత్తుల్లోకి పోయేదే ప్రాణం తీస్తుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి, సీసా కూడా వెంట పట్టుకుపోండి.

ఆ మొదటి అక్క సీసా ఏమైందని మీరు అడగలేదు గానీ చెబుతాం. తూములో పోయలేదు, పెరట్లో పారబోయలేదు. మూత గట్టిగా బిగించి, ఇంటి బయట నీడలో, పిల్లలకు అందని చోట ఇసుక బకెట్లో పెట్టించాం. మరునాడు ఆమె భర్త దాన్ని ప్లాంటుకు తిరిగి తీసుకుపోయాడు. బస్సులో కాదు, నడిచి. మీ ఇళ్లలో కూడా ఉంటే ఈ రోజు పోగానే ముందు వంటింట్లోంచి బయటికి తీయండి. ఇక్కడికి మాత్రం తేవద్దు, ఎక్కడుందో మాకు చెప్పండి చాలు, సాయంత్రం మేమే వస్తాం. ఇప్పుడు ప్రశ్నలు అడగండి. అక్కా, వెనక వరుసలో చెయ్యెత్తారు, మీరు చెప్పండి.